మీ కారుది ఏ గోత్రం?

మన దేశంలో కారు కొనాలంటే ఇంతకాలం మూడు అర్హతలు సరిపోయేవి. బ్యాంకువాడి దయ, బావమరిది సలహా, బండి పెట్టుకోవడానికి కాస్త జాగా. మూడోది లేకపోయినా పెద్ద ఇబ్బంది ఉండేది కాదు, పక్కింటివాళ్ల గేటు ఎలాగూ ఉంటుంది. ఈమధ్య నాలుగో అర్హత ఒకటి వచ్చి చేరింది. దేశభక్తి. సిబిల్ స్కోరు ఎంత బాగున్నా సరే, ఇందులో మార్కులు తగ్గితే కొత్త కారు కొన్న ఆనందం దక్కదు.

ఈ పరీక్ష షోరూములో జరగదు. వాళ్లకు మన డౌన్ పేమెంటుతో తప్ప దేశభక్తితో పనిలేదు. పరీక్షా కేంద్రం అపార్ట్‌మెంటు సెల్లారు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీసి ఉండరు. బానెట్ మీద పసుపు స్వస్తిక్ ఆరి ఉండదు. అప్పుడు లిఫ్టులోంచి దిగుతారు ఆయన. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తారు. టైరును చెప్పుకాలితో తట్టి చూస్తారు. ధర అడగరు, మైలేజీ అడగరు. "బాగుంది మాస్టారూ. కాకపోతే మనవాళ్ల బండి తీసుకుని ఉండాల్సింది. డబ్బంతా బయటి దేశాలకు పోతోంది కదా!" అని ఒక్క ముక్క అనేసి వాకింగుకి వెళ్లిపోతారు. అప్పటిదాకా ఏడేళ్ల వాయిదాల అప్పు మాత్రమే నెత్తిన ఉన్న మనిషికి ఆ క్షణం నుంచి దేశద్రోహం కూడా తోడవుతుంది.

ఆయన చేతిలో ఉన్న ఫోను చైనా కంపెనీది. వంటింట్లో ఫ్రిజ్ కొరియాది. ఆయనగారి అబ్బాయి డాలస్‌లో నడిపేది జపాన్ కారు. అదేమిటండీ అంటే "అక్కడ దానికే రీసేల్ ఎక్కువ" అంటారు. అమెరికాలో తెలుగువాడు అమెరికా కారు కొనకపోతే తెలివి, అమీర్‌పేటలో తెలుగువాడు కొరియా కారు కొంటే ద్రోహం! దేశభక్తికి కూడా వీసా నిబంధనలు ఉన్నట్టున్నాయి.

అయినా పెద్దమనిషి మాటను తీసిపారేయడం మర్యాద కాదు. పెళ్లి సంబంధానికి వెళ్లినప్పుడు గోత్రం అడిగినట్టే కారుకూ గోత్రం అడుగుదాం. అచ్చమైన స్వదేశీ వంశంలో పుట్టిన బండి ఏదో తేల్చుకుని దాన్నే ఇంటికి తెచ్చుకుందాం.

వరసలో ముందు నిలబడేది అంబాసిడర్. ఒకప్పుడు కలెక్టరు దిగినా, మంత్రి దిగినా, పెళ్లికొడుకు దిగినా అందులోంచే. కన్నతల్లి పేరు హిందుస్థాన్ మోటార్స్, 1942లో బిర్లాలు పెట్టిన కంపెనీ. పేరులోనే హిందుస్థాన్ ఉందిగా, ఇంకేం కావాలి? కానీ గోత్రం అడిగితే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అంటుంది. ఇంగ్లండువాళ్లు నాలుగు రోజులు ముచ్చటపడి వదిలేసిన నమూనాను మనం ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి 2014 మే దాకా అదే ముక్కు, అదే మూతితో తయారుచేస్తూ వచ్చాం. తెల్లవాళ్లను 1947లోనే సాగనంపాం గానీ వాళ్ల కారును మాత్రం మోదీగారు ప్రధానిగా ప్రమాణం చేసే నెల దాకా మేపాం. 2017లో ఆ పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో 80 కోట్లకు కొనుక్కుంది. పోనీ పద్మిని? అది బొట్టు పెట్టుకున్న ఫియట్ 1100. గోత్రం ఇటలీ.

తర్వాత మారుతి. పూర్తిగా స్వదేశీ చిన్న కారు చేసిపెడతానని 1971లో సంజయ్ గాంధీ మొదలుపెట్టిన కంపెనీ జనానికి ఒక్క కారు కూడా అందించకుండానే చతికిలబడింది. 1981లో ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. మరుసటేడు జపాన్ సుజుకిని 26 శాతం వాటాతో పిలిచింది. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలను ఇందిరాగాంధీ స్వయంగా అందించారు. పేరు ఆంజనేయస్వామిది, ఒళ్లు జపాన్‌ది. ఆ 26 శాతం పెరుగుతూ పెరుగుతూ సగం దాటింది. 2007 నాటికి ప్రభుత్వం తన వాటా మొత్తం అమ్ముకుని చేతులు దులుపుకుంది. ఇక 2025లో ఆ సుజుకి కంపెనీని దశాబ్దాలపాటు నడిపిన ఒసాము సుజుకికి మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. సెల్లారు న్యాయస్థానం ఏ నేరం మీద మనల్ని ముద్దాయిలను చేసిందో, అదే నేరంలో ప్రధాన నిందితుడికి రాష్ట్రపతి భవన్ పతకం ఇచ్చిందన్నమాట.

"అవన్నీ ఎందుకండీ, మహీంద్రా ఉంది కదా" అంటారు. ఉంది. 1945లో ఆ కంపెనీ పుట్టినప్పుడు పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ గారు, అంటే మాలిక్ గులాం మొహమ్మద్, దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి తొలి ఆర్థిక మంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడ మిగిలిన వాళ్లు 1948లో పేరు మార్చుకున్నారు. వాళ్లు మొదట బిగించి అమ్మిన బండి అమెరికా విల్లీస్ జీపు. థార్ ఎక్కి మీసం మెలేసే కుర్రాళ్లకు ఈ వంశవృక్షం ఎవరూ చూపించకండి, అక్కడికక్కడే స్టీరింగు వదిలేస్తే ప్రమాదం.

మిగిలింది టాటా. 1998 చివర్లో వచ్చిన ఇండికాను ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన తొలి కారని గర్వంగా చెప్పుకున్నాం. అందులో నిజం ఉంది, గర్వానికి కారణమూ ఉంది. దాని రూపురేఖలు దిద్దడంలో చెయ్యివేసింది మాత్రం ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఉన్న ఐడియా ఇన్‌స్టిట్యూట్. ఆ తర్వాత ఫియట్ వాళ్ల 1.3 లీటరు మల్టీజెట్ డీజిల్ ఇంజను వచ్చింది. స్విఫ్ట్‌లో అదే, డిజైర్‌లో అదే, ఇండికా విస్టాలో అదే, మాంజాలో అదే. కారు ప్రియులు దానికి ముద్దుగా పెట్టుకున్న పేరు 'జాతీయ ఇంజను'. 2020 ఏప్రిల్‌లో బీఎస్ సిక్స్ నిబంధనలు వచ్చి దాన్ని సాగనంపేదాకా ఈ దేశంలో సగటు దేశభక్తుడి గుండె ఇటలీ భాషలోనే కొట్టుకుంది.

టాటాలు 2008లో 230 కోట్ల డాలర్లు పెట్టి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ని కొన్నారు. కాబట్టి సెల్లారు లెక్కలో డిఫెండర్ స్వదేశీ. దాని పేరు ఇంగ్లండుది, తయారయ్యేది స్లొవేకియాలోని నిత్రాలో, యజమాని బొంబాయిలో. అది కొనే స్తోమత ఉన్నవాడు కోటి రూపాయలు దాటి పెట్టి మరీ దేశసేవ చేస్తున్నట్టు లెక్క. ఎనిమిది లక్షల హ్యుందాయ్ కొన్న బడిపంతులు మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. మన దగ్గర ఏ పుణ్యమైనా ఇంతే, ఉన్నవాడికి ముందు దొరుకుతుంది.

ఎంజీ సంగతి ఎత్తితే పురోహితుడు పంచాంగం మూసేస్తాడు. పేరు మోరిస్ గ్యారేజెస్, ఇంగ్లండులో ఒక శతాబ్దం కిందటిది. సొంతదారు చైనా ప్రభుత్వ కంపెనీ శాయిక్. ఫ్యాక్టరీ గుజరాత్‌లోని హలోల్‌లో, అంతకుముందు అది అమెరికా జనరల్ మోటార్స్‌ది. 2019లో హెక్టర్ అమ్మడానికి ఇంగ్లండు నటుడు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్‌ని తెచ్చారు. 2023లో మన జేఎస్‌డబ్ల్యూ 35 శాతం తీసుకుంది. నాలుగు దేశాలు కలిసి కన్న ఈ బిడ్డ జాతకం ఏ సిద్ధాంతి వేయగలడు?

ఇక మన ఇంటి సంగతి. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని చేసుకున్న పెనుకొండ పక్కనే, ఎర్రమంచి దగ్గర, కొరియా కియా ఫ్యాక్టరీ లేచింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 జనవరిలో ట్రయల్ కారును చంద్రబాబు బయటికి తెచ్చారు, డిసెంబరులో ప్లాంటును జగన్ ప్రారంభించారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు కియా తండ్రి ఎవరన్న విషయం మీద రెండు పార్టీలూ చేసిన వాదనలు వింటే కోర్టువాళ్లు డీఎన్‌ఏ పరీక్షకు ఆదేశించేవాళ్లే. 2020 ఫిబ్రవరిలో ప్లాంటు తమిళనాడుకు తరలిపోవచ్చని వార్త వచ్చింది. కంపెనీ కాదంది, ప్రభుత్వం కాదంది. అయినా ఆ వారం రోజులు మనకు కొరియా సొంత ఊరైంది, తమిళనాడు పరాయి దేశమైంది. ఒక్క దేశభక్తుడైనా "పోనీలెండి, విదేశీ కంపెనీయేగా, దరిద్రం వదిలింది" అన్నాడా? 2025లో అదే ప్లాంటుకు చెందిన ఇంజన్లు కొన్నేళ్లుగా వందల సంఖ్యలో మాయమవుతున్నాయని పోలీసు కేసు నడిచింది. విదేశీ సొత్తును స్వదేశీ చేయడంలో అంత నిశ్శబ్దంగా, అంత నిష్ఠగా కృషి చేసిన ఉద్యమం చరిత్రలో ఇంకోటి ఉండదు.

ఇప్పుడు చెప్పండి. సోమందేపల్లి కుర్రాడు బిగించిన సెల్టోస్ పరాయిది, స్లొవేకియావాడు బిగించిన డిఫెండర్ మనది. శ్రీపెరంబుదూరులో 1998 నుంచి కార్లు చేస్తున్న హ్యుందాయ్ పరాయిది, ఇటలీ ఇంజను పెట్టుకున్న విస్టా మనది. ఈ 'మనవాళ్లు' అనే మాటలో చెమట పట్టిన వాడికి చోటు లేదు, వాటా ఉన్నవాడికే ఉంది. విచిత్రం ఏమిటంటే ఈ విషయంలో సెల్లారు దేశభక్తుడు ప్రధానితోనే విభేదిస్తున్నాడు. 2025 ఆగస్టులో గుజరాత్‌లోని హంసల్‌పూర్‌లో సుజుకి వాళ్ల విద్యుత్ కారును విదేశాలకు పంపే వేడుకలో మోదీ చెప్పిన మాటల సారం ఇదే: డబ్బు ఎవరిదైతేనేం, చెమట మన దేశ ప్రజలదైతే అది స్వదేశీ. ఆయనే అంత ఉదారంగా ఉంటే కింది కోర్టు ఇంత కఠినంగా ఎందుకుంటుందో అర్థం కాదు.

అసలు మన ప్రభుత్వం కారు గోత్రాన్ని ఎలా పరీక్షిస్తుందో తెలుసా? టేపు పెట్టి. 2006 బడ్జెట్ నాటి నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకపోతే అది చిన్న కారు, పన్ను తక్కువ. దాంతో కంపెనీలన్నీ రంపాలు పట్టాయి. 2008లో ఇండిగో వెనకభాగం కోయించుకుంది, 2012లో డిజైర్ కోయించుకుంది. డిక్కీలో పెద్ద సూట్‌కేసు పట్టకపోయినా పన్ను మినహాయింపు బ్రహ్మాండంగా పట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కారుకు 18 శాతం జీఎస్టీ, పెద్ద కారుకు 40 శాతం. టాటాదైనా టయోటాదైనా అదే రేటు. పన్ను అధికారి ఏనాడూ కారు తాతముత్తాతల పేర్లు అడగలేదు, తల నుంచి తోక దాకా ఎన్ని మిల్లీమీటర్లో అడిగాడు, అంతే.

ప్రోత్సాహకాల దగ్గరా ఇదే వరస. వాహన రంగానికి కేంద్రం తెచ్చిన 25,938 కోట్ల పథకానికి 2022లో ఎంపికైన కార్ల కంపెనీల జాబితాలో టాటా, మహీంద్రాల పక్కనే హ్యుందాయ్, కియా, సుజుకి బుద్ధిగా కూర్చున్నాయి. ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తామని అప్పటికే ప్రకటించిన ఫోర్డ్‌కి కూడా ఆకు వేశారు. షరతు ఒక్కటే, సరుకు విలువలో కనీసం సగం ఇక్కడ పుట్టాలి. ఢిల్లీలో 50 శాతానికే స్వదేశీ సర్టిఫికెట్ వస్తోంది. మన సెల్లారులో నూటికి నూరు తెచ్చుకున్నా పాస్ చేయరు.

ఒకవేళ గోత్రం దొరికినా, తిండి సంగతి ఒకటుంది. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. బానెట్ మీద ఎన్ని సింహాలు గీయించుకున్నా ట్యాంకులో పోసేది ఎడారుల నుంచి, రష్యా నుంచి వచ్చిన సరుకే. ఎలక్ట్రిక్ బండి కొంటే ఆ బాధ తప్పుతుందా? బ్యాటరీ సెల్స్ చాలావరకు చైనా నుంచి రావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన లోహాల అయస్కాంతాల మీద ఆంక్షలు పెట్టేసరికి మన కంపెనీలన్నీ, స్వదేశీ విదేశీ తేడా లేకుండా, ఢిల్లీకి పరుగు పెట్టాయి. అరచేతిలో పట్టే అయస్కాంతం ముక్క దొరక్కపోతే రెండు టన్నుల దేశభక్తి ఫ్యాక్టరీలోనే ఆగిపోతుంది.

దీనికి మన హైదరాబాదు వ్యాఖ్యానం ఇంకా రుచిగా ఉంటుంది. చైనా కంపెనీ బీవైడీ, మన మేఘా సంస్థతో కలిసి వంద కోట్ల డాలర్లతో కార్ల ఫ్యాక్టరీ పెడతామంటే 2023లో కేంద్రం ఒప్పుకోలేదు. అదే మేఘా వారి ఒలెక్ట్రా, అదే బీవైడీ సాంకేతికతతో తయారుచేసిన విద్యుత్ బస్సులు తిరుమల కొండ మీదికి భక్తులను మోస్తున్నాయి. సరిహద్దు భద్రత దృష్ట్యా వచ్చే డబ్బును ఆపారు, అది వాళ్ల విచక్షణ. వచ్చిన బస్సులో మాత్రం గోవింద నామస్మరణ చేసుకుంటూ ఎక్కాం. ఏడుకొండలవాడు ఏనాడూ బస్సు గోత్రం అడిగినట్టు లేదు.

ఈ దేశభక్తి పాఠాలు చెప్పే పెద్దలు ఏ కారులో వస్తున్నారో కూడా చూడాలి కదా. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ నాయకుడి కాన్వాయ్ అయినా పక్కకు జరిగి గమనించండి. తెల్ల ఫార్చునర్, దాని వెనక నల్ల ఫార్చునర్, వాటి వెనక అనుచరుడి ఫార్చునర్, చివర్న అనుచరుడి బావమరిది అద్దెకు తెచ్చుకున్న ఫార్చునర్. జపాన్ ఈ దేశ రాజకీయాలకు చేసిన సేవకు లెక్కలేదు. కేసీఆర్ హయాంలో 22 ల్యాండ్ క్రూయిజర్లు కొని విజయవాడలో ఉంచారని 2023 డిసెంబరులో రేవంత్‌రెడ్డి చెప్పారు. తెలంగాణ ఆత్మగౌరవం కూడా ఎక్కడానికి జపాన్ మెట్టే కావాల్సొచ్చింది. 2025 డిసెంబరులో పుతిన్ ఢిల్లీలో దిగినప్పుడు ప్రధాని ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లింది కూడా ఫార్చునర్‌లోనే. నాయకుడికి నమ్మకమైన బండి కావాలి, భద్రత కావాలి, దర్జా కావాలి. మన బడిపంతులు కూడా సరిగ్గా అవే కోరుకున్నాడు. ఆయన కోరుకుంటే ప్రోటోకాల్, ఈయన కోరుకుంటే ద్రోహం.

ఇక జెండా ముచ్చట. డ్యాష్‌బోర్డు మీద చిన్న త్రివర్ణం, ఆగస్టు 15న బానెట్ మీద పెద్ద త్రివర్ణం. జెండా రూపశిల్పి పింగళి వెంకయ్య మనవాడు కాబట్టి మనకు కాస్త చనువు ఎక్కువే. కానీ కారు మీద జాతీయ పతాకం ఎగరేసే అధికారం రాష్ట్రపతి, గవర్నర్లు, ప్రధాని, మంత్రులు, న్యాయమూర్తులు వంటి కొద్దిమంది పెద్దలకే ఉందని ఫ్లాగ్ కోడ్ స్పష్టంగా చెబుతోంది. దేశం మీద ప్రేమ ఉప్పొంగి దేశపు నిబంధనను టైరు కింద తొక్కడం మనకే చెల్లింది. 2021 చివర్లో చేసిన సవరణతో పాలిస్టర్ జెండాలకు కూడా అనుమతి వచ్చింది. పొందూరు నేతగాడి మగ్గం పక్కకు జరిగింది. ఖద్దరును వదిలేసిన స్వదేశీ వాదం కార్లను పట్టుకుంది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 2022 ఫిబ్రవరి 5న హ్యుందాయ్ పాకిస్తాన్ భాగస్వామి ఖాతాలో కశ్మీర్ మీద ఒక పోస్టు వచ్చింది. ఇక్కడ మంట లేచింది. హ్యుందాయ్‌ని బహిష్కరించాలన్నారు. కంపెనీ భారతదేశం తమకు రెండో ఇల్లని వివరణ ఇచ్చుకుంది, కొరియా విదేశాంగ మంత్రి మన మంత్రికి ఫోన్ చేసి విచారం తెలిపారు. ఆ వారంలో క్రెటా తాళాలు తిరిగిచ్చేసి ఆర్టీసీ బస్సెక్కిన దేశభక్తుడు మాత్రం ఎక్కడా కనబడలేదు. 2024 అక్టోబరులో అదే కంపెనీ 27,870 కోట్ల పబ్లిక్ ఇష్యూతో వచ్చింది, అప్పటికి దేశ చరిత్రలోనే అతి పెద్దది. మనవాళ్లు షేర్లకు దరఖాస్తు చేసుకున్నారు. బహిష్కరణ ఫోనులో, పెట్టుబడి కూడా అదే ఫోనులో.

మన అదృష్టం, ఇక్కడ కోపం ఫోను దాటి రాలేదు. దాటిన చోట్ల ఏం జరిగిందో చూడండి. 2012 సెప్టెంబరులో చైనాలోని షియాన్ నగరంలో జపాన్ వ్యతిరేక ఊరేగింపు మధ్యలో ఒక టయోటా కరోలా చిక్కుకుంది. నడుపుతున్నది చైనావాడే, కష్టపడి కొనుక్కున్న కారే. దేశభక్తులు సైకిలు తాళంతో తల పగలగొడితే పక్షవాతం వచ్చింది. 1982లో అమెరికా డెట్రాయిట్ ప్రాంతంలో జపాన్ కార్ల వల్ల తమ ఉద్యోగాలు పోతున్నాయన్న కసిలో ఇద్దరు కలిసి విన్సెంట్ చిన్ అనే యువకుడిని బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. అతను జపాన్‌వాడు కూడా కాదు, చైనా మూలాలవాడు. హంతకులకు పడిన శిక్ష ప్రొబేషన్, మూడేసి వేల డాలర్ల జరిమానా. ఒక్కరోజు జైలు లేదు. కారు గోత్రం అడగడం మొదలుపెట్టినవాడు మనిషి గోత్రం దగ్గరికి రావడానికి ఎక్కువ దూరం నడవక్కర్లేదు.

సరే, ఎదుటి వాదనలో బలం లేదా? ఉంది. విదేశీ కంపెనీ లాభంలో వాటా బయటికి పోతుంది. రాయల్టీ పోతుంది. డిజైన్ చేసే మెదడు అక్కడ, బోల్టు బిగించే చెయ్యి ఇక్కడ అయితే మనం ఎప్పటికీ బోల్టు దగ్గరే ఉంటాం. ఇది గట్టి మాట. కానీ దానికి మందు పరిశోధన, చదువు, పారిశ్రామిక విధానం. వాయిదాలు కట్టే గుమాస్తా కళ్లు మూసుకుని కొనడం మందు కాదు. కొనుగోలుదారుడు కళ్లు మూసుకుంటే ఏమవుతుందో చూడటానికి మనకు దశాబ్దాల అంబాసిడర్ ఉంది. వేరే దారిలేక కొన్నాం, ఏళ్ల తరబడి క్యూలో నిలబడి కొన్నాం. ఫలితంగా కారు మారలేదు, క్యూ పెరిగింది.

ఇంకో సాక్ష్యం. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముడుపోయే అయిదు చిన్న కార్లను గోడకు కొట్టి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వ్యాగన్ పోలో. జపాన్ సున్నా, భారత్ సున్నా, కొరియా సున్నా, అమెరికా సున్నా, జర్మనీ సున్నా. ఎయిర్‌బ్యాగు లేని కారును మనకు అంటగట్టే విషయంలో మనవాళ్లకూ పరాయివాళ్లకూ అంత చక్కటి ఏకాభిప్రాయం ఐక్యరాజ్యసమితిలో కూడా కుదరదు. ఆ తర్వాత జనం స్టార్లు అడగడం మొదలుపెట్టారు. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ అయిదు స్టార్లు తెచ్చుకుంది, మన దేశంలో తయారైన కార్లలో అదే తొలిసారి. మహీంద్రా అదే బాట పట్టింది. ఇవాళ ఆ రెండు కంపెనీలూ అమ్మకాల్లో హ్యుందాయ్‌తో ఢీ అంటే ఢీ అంటున్నాయంటే కారణం ఆ కార్లు బాగుండటం. పుణెలో, చెన్నై శివార్లలో రాత్రింబవళ్లు కూర్చుని వాటిని ఆ స్థాయికి తెచ్చిన ఇంజనీర్లను అందరికంటే ఎక్కువగా అవమానించేది మన సెల్లారు పెద్దమనిషే. "ఎలా ఉన్నా మనవాళ్లది కదా, కొనండి" అంటే అది మెచ్చుకోలు అవుతుందా? ముష్టి అవుతుంది. "అయిదు స్టార్లు లేకపోతే కొనను" అని మొహం మీద చెప్పి షోరూములోంచి బయటికి నడిచిన మొండి గిరాకీ స్వదేశీ పరిశ్రమకు చేసిన మేలు వంద నినాదాలు చేయలేదు.

దేశం అంటే ప్రేమ ఉంటే చూపించడానికి స్టీరింగు పట్టుకున్న తర్వాత బోలెడంత అవకాశం ఉంది. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. అందులో 16,715 మంది సీటు బెల్టు పెట్టుకోనివాళ్లు. వీళ్లంతా దేశం కాదా? స్వదేశీ బండి కొని బెల్టు బకిల్‌లో బీప్ ఆపే ఉత్తుత్తి క్లిప్పు గుచ్చుకునేవాడు, లైఫ్ ట్యాక్సు ఎగ్గొట్టడానికి హైదరాబాదు బండిని పుదుచ్చేరిలో రిజిస్టర్ చేయించేవాడు, ఖైరతాబాదు ఆర్టీఏలో 9999 కోసం లక్షలు పాడి అంబులెన్సుకి అంగుళం దారివ్వనివాడు, వీళ్ల పక్కన ఎర్ర దీపం పడగానే ఆగిన హ్యుందాయ్ పంతులును నిలబెట్టి ఎవరు దేశభక్తుడో తేల్చండి.

కాబట్టి కొత్త కారు కొన్నవాళ్లకు ఒక చిన్న సలహా. సెల్లారులో ఆయన ఎదురైతే వాదించకండి, ఇన్వాయిస్ చూపించండి. పన్నుకు ముందు ధర 15 లక్షలున్న పెద్ద బండి మీద 40 శాతం జీఎస్టీ అంటే 6 లక్షలు. అలా 21 లక్షలైన దాని మీద తెలంగాణలో లైఫ్ ట్యాక్సు దాదాపు 4 లక్షలు. అంటే కారు రెండు కిలోమీటర్లు తిరగకముందే దేశానికీ రాష్ట్రానికీ కలిపి మీరు సమర్పించుకున్నది 10 లక్షలు. కొరియా కంపెనీకి మిగిలే లాభం దీని ముందు చిల్లర. ఆ అంకె మీద వేలు పెట్టి మర్యాదగా అడగండి: "ఏమండీ, నా దేశభక్తి రసీదు ఇది. మీదేదీ?"